పచ్చకామెర్లకు పసరు మందు: ఆదివారం లోపు సలహా కావాలి

కృష్ణాతీరం | గురువారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మా వీధిలో నాకు పిన్ని వరసయ్యే ఆవిడ కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. మూడు రోజులుగా అన్నం సహించడం లేదు, వాంతులు. ఇవాళ పొద్దున చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఇంట్లో వాళ్ళు పసరు పోయిస్తామంటున్నారు. ఇక్కడ కామెర్ల పసరు గురువారం, ఆదివారం పరగడుపునే పోస్తారు. ఇవాళ పొద్దెక్కిపోయింది కాబట్టి ఆదివారం దాకా ఆగుతారట.

నాకు ఎందుకింత భయమో చెప్పాలి. రెండేళ్ళ కిందట మా తమ్ముడికి ఇలాగే మొదలైంది. వాడికప్పుడు 31 ఏళ్ళు. మిరప కోతల రోజులు, ఎండలో తిరిగి నీరసపడ్డాడనుకున్నాం. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందని వాడు ఎవరికీ చెప్పలేదు. కళ్ళు పచ్చబడ్డాక అమ్మ పసరుకు తీసుకెళ్ళింది. మూడు ఆదివారాలు రమ్మన్నారు. పథ్యం గట్టిగా పెట్టారు. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు తగలకూడదు. మజ్జిగన్నం, బన్ను, చక్కెరతో ఇడ్లీ, అంతే. వారానికి కళ్ళు కాస్త తెల్లబడ్డట్టే అనిపించింది. ఆ రోజు అమ్మ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

పన్నెండో రోజు నుంచి వాడికి పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. వాడి కూతుర్ని నా పేరు పెట్టి పిలిచాడు. పథ్యం వల్ల వచ్చిన నీరసం అనుకున్నాం. పద్నాలుగో రోజు తెల్లవారుజామున బాత్‌రూమ్‌కని లేచి నేరుగా గోడకేసి నడిచాడు. అప్పుడు 108కి ఫోన్ చేశాం. లివర్ పనిచేయడం మానేస్తోందనీ, అది శుభ్రం చేయాల్సిన విషాలు మెదడు మీద పడ్డాయనీ ఆసుపత్రిలో చెప్పారు. రక్తం గడ్డకట్టే పరీక్షలో ఐఎన్‌ఆర్ 1 దగ్గర ఉండాలట, వాడికి 3.8 ఉంది. కారణం హెపటైటిస్ బి. అది వాడి ఒంట్లో ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తదు.

ఆ పిన్నికి ఏమని చెప్పాలి? "మీ తమ్ముడిది వేరే జబ్బమ్మా, ఇవి మామూలు కామెర్లు" అంటోంది.

స్టాఫ్ నర్సు | గురువారం, రాత్రి 9:50

అక్కా, ముందు ఇది చదవండి, మిగతా చర్చ తర్వాత చేసుకుందాం. ఆదివారం దాకా ఆగొద్దు. రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊళ్ళో క్లినిక్‌కి కాదు, కాన్పుల డాక్టరూ ఐసీయూ రెండూ ఉన్న చోటికి.

నేను 19 ఏళ్ళుగా ప్రసూతి వార్డులో పనిచేస్తున్నాను. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఇ మామూలు మనిషికి వస్తే ఎక్కువ మందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అదే చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అమ్మాయికి వచ్చింది అదేనని నేను అనడం లేదు. ఏదో తెలియకుండా మూడు రోజులు కూర్చోకూడదంటున్నాను. గర్భంలో కళ్ళు పచ్చబడటానికి ఇంకా కారణాలున్నాయి. బీపీతో కలిసి వచ్చేది ఒకటి, లివర్‌లో కొవ్వు చేరేది ఒకటి. వాటిలో కొన్నింటికి వెంటనే కాన్పు చేయాల్సి వస్తుంది. కంటి రంగు చూసి ఏ డాక్టరూ ఇది ఫలానా కామెర్లు అని చెప్పలేరు. రక్తం చూడాలి.

లివర్ ఫంక్షన్ పరీక్ష, పీటీ ఐఎన్‌ఆర్, హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలు, షుగర్, బీపీ, కడుపు స్కానింగ్. ఇవి అడగండి. ఈ లోపల అమ్మాయి మగతగా ఉన్నా, మాట తడబడినా, చిగుళ్ళ నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వచ్చినా తెల్లారేదాకా కూడా ఆగొద్దు. జ్వరం అనిపించినా షాపులో కొన్న పారాసెటమాల్ డాక్టరుకు చెప్పకుండా వేయొద్దు. ఆకలితో ఉంచొద్దు.

గోదారి ఇసుక | గురువారం, రాత్రి 11:20

నర్సు గారి మాట కాదనను. కడుపుతో ఉన్న అమ్మాయిని ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. కానీ పసరు పోసేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి.

మా ఇంట్లో నాకు, మా అన్నకు, మేనల్లుడికి ముగ్గురికీ పసరుతోనే తగ్గింది. మా ఊళ్ళో పోసే పెద్దాయన రూపాయి ముట్టడు. తాతల నాటి మాట, డబ్బు పుచ్చుకుంటే మందు పనిచేయదంటాడు. నాకు కామెర్లు వచ్చినప్పుడు పట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. మూడు గంటలు కూర్చోబెట్టారు, రెండు నిమిషాలు చూశారు, పరీక్షలకని వేలు కట్టించుకున్నారు. నాకేమైందని అడిగితే రిపోర్టులో ఉందన్నారు. పెద్దాయన నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పాడు. పల్లెల్లో జనం ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తారో అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

కృష్ణాతీరం గారూ, మీకో మాట చెబుతాను. ఆ పసరు పోసే ఆయన్నే నేరుగా అడగండి. మా పెద్దాయనైతే గర్భిణులకు పోయడు, వెనక్కి పంపిస్తాడు. మీ ఊరాయన కూడా అలా అంటే మీ పిన్ని మీ మాట కన్నా ఆయన మాట వింటుంది.

లెక్కల మాస్టారు | శుక్రవారం, ఉదయం 6:30

ఇసుక గారూ, మీ ముగ్గురికీ తగ్గిందన్న మాట నేను పూర్తిగా నమ్ముతాను. ఎందువల్ల తగ్గింది అన్న దగ్గరే నా మాట వేరు.

మన ఊళ్ళలో వచ్చే కామెర్లలో పెద్ద వాటా నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ లదే. ఈ రెండూ ఎక్కువ మందికి మందు లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతాయి. లెక్క కోసం పసరు తాగినవాళ్ళు వంద మంది అనుకుందాం. అందులో తొంభై మందికి ఎలాగూ తగ్గేదే. ఆ తొంభై మంది ఊరూరా చెబుతారు. మిగతా పది మందిలో కొందరు ఆసుపత్రిలో చేరతారు, కొందరు పోతారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు. వాళ్ళింట్లో వాళ్ళు "ఆలస్యంగా తీసుకెళ్ళాం" అంటారు, "పథ్యం తప్పాడు" అంటారు. మందుకు చెడ్డపేరు రాదు. పెద్దాయన మోసగాడు కానక్కర్లేదు, ఆయన కళ్ళకు కూడా తగ్గినవాళ్ళే కనబడతారు.

అసలు మోసం వేరే చోట ఉంది. చేతులు కడిగించి కామెర్లు దించేవాళ్ళను మీరు చూసే ఉంటారు. రోగి చేతులకు ముందు ఏదో రసం రాస్తారు. తర్వాత పళ్ళెంలో తేట నీళ్ళతో కడుగుతారు. నీళ్ళు పచ్చగా మారుతాయి, కామెర్లు దిగిపోయాయంటారు. రాసింది మామిడి బెరడు రసం, పళ్ళెంలోది సున్నపు తేట. రెండూ కలిస్తే ఆ పసుపు వస్తుంది. కామెర్లు లేని పిల్లవాడి చేతులు కడిగినా వస్తుంది. బడిలో పదో తరగతి పిల్లల ముందు ఏటా చేసి చూపిస్తాను. ఒక సంవత్సరం ఒక అమ్మాయి ఏడ్చేసింది. వాళ్ళ నాన్న కామెర్లను అలాగే కడిగించారట, ఆయన లేరట. ఆ రోజు నుంచి చూపించే ముందు పిల్లల్ని ఇంటి సంగతులు అడిగి తెలుసుకుంటున్నాను.

పొలంగట్టు | శుక్రవారం, ఉదయం 8:05

మాది నల్గొండ. మా దిక్కు పసిరికలు అంటారు. నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ మూడు మచ్చలున్నాయి. ఏడేళ్ళప్పుడు కాల్చిన వాత. పుండు పడి నెల రోజులు బడికి పోలేదు. పసిరికలు ఎన్ని రోజులకు తగ్గినయో గుర్తు లేదు గానీ ఆ కాలిన వాసన గుర్తుంది. నా బిడ్డకు మూడేళ్ళ కింద కళ్ళు పచ్చబడితే మా నాయనే, నన్ను కాల్పించిన మా నాయనే, "దవాఖానకు తీసుకపో" అన్నాడు.

వేపచెట్టు | శుక్రవారం, ఉదయం 8:40

మా మామగారికి 67 ఏళ్ళు. ఆయనకు నొప్పి లేదు, జ్వరం లేదు. ఒళ్ళంతా దురద, కళ్ళు పచ్చన, విరేచనం సున్నం రంగులో. రెండు నెలలు పసరు, ముక్కులో చుక్కలు. ముక్కు నుంచి పచ్చటి నీరు ధారగా కారితే కామెర్లు దిగుతున్నాయని అందరం సంతోషించాం. అది చేదుబీర జాతి కాయ రసమట, ముక్కు లోపలి పొరను మండిస్తే ఎవరికైనా కారుతుందట. తర్వాత స్కానింగ్‌లో పాంక్రియాస్ దగ్గర గడ్డ పైత్యనాళాన్ని నొక్కేస్తోందని తేలింది. ఆపరేషన్ చేసే దశ దాటిందన్నారు. రెండు నెలల ముందు వస్తే ఏమయ్యేదని అడిగాను. ఆ డాక్టరు మంచాయన, వెంటనే జవాబు చెప్పలేకపోయాడు.

పెద్దవాళ్ళకు నొప్పి లేకుండా కామెర్లొచ్చి, దురద ఉంటే, దయచేసి స్కానింగ్ చేయించండి.

ఆయుర్వేద విద్యార్థిని | శుక్రవారం, ఉదయం 10:10

నేను బీఏఎంఎస్ చివరి సంవత్సరం. మా వైపు నుంచి కూడా చెప్పాలనిపించింది. పసరు అంటే ఆయుర్వేదం అని చాలామంది అనుకుంటారు. కామెర్లను మేం కామల అంటాం. చరక సంహితలో పాండురోగ (రక్తహీనత) చికిత్స అధ్యాయంలోనే దాని గురించి ఉంది. మలమూత్రాలు నల్లగా పచ్చగా మారి, రోగికి మత్తు, స్పృహ తప్పడం వస్తే బతకడం కష్టమని అక్కడే రాశారు. కృష్ణాతీరం అక్క తమ్ముడి గురించి చదువుతుంటే నాకు ఆ శ్లోకాలే గుర్తొచ్చాయి. వైద్యుడైనవాడు ముందు ఆ లక్షణాలు చూడాలి. ఆదివారం వరసలో నిలబెట్టి అందరికీ ఒకే పసరు పోయడంలో ఆ చూపు లేదు.

ఇక మొక్కల సంగతి. మన ఊళ్ళలో ఎక్కువగా వాడేవి నేల ఉసిరి, గుంటగలగర, ఆముదం చిగుళ్ళు. నేల ఉసిరి మీద నిజంగా పరిశోధన జరిగింది. 1988లో చెన్నై పరిశోధకులు లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. హెపటైటిస్ బి మోస్తున్నవాళ్ళకు 30 రోజులు నేల ఉసిరి పొడి ఇస్తే 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ గుర్తు కనబడలేదు, ఉత్తి గుళికలు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ బృందంలో హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్ కూడా ఉన్నారు. ఎంత ఆశ కలిగించిందో ఊహించండి. కానీ తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. నాకు ఇది చదివినప్పుడు చాలా బాధ అనిపించింది, ఆ మొక్కంటే నాకు ఇష్టం. అయినా రాలేదన్నది నిజం.

"ఆకే కదా, పనిచేయకపోయినా హాని లేదు" అన్న మాట కూడా సరికాదు. కోవిడ్ రోజుల్లో అందరూ తిప్పతీగ కషాయం తాగారు. 2021లో ముంబై డాక్టర్లు అది తాగిన ఆరుగురిలో లివర్ దెబ్బతిందని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అది వేరే జాతి తీగ అయి ఉండొచ్చంది. తర్వాత 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు బయటికొచ్చాయి. పొట్లాల్లో కట్టిచ్చే పొడులతో ఇంకో ప్రమాదం. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే మన ఆయుర్వేద ఉత్పత్తులు 70 పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉంది. లివర్ అప్పటికే దెబ్బతిని ఉన్నప్పుడు దాని మీద ఇంకో బరువు ఎందుకు పెట్టాలి?

నేను ఈ వైద్యమే నమ్ముకుని బతకబోతున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కృష్ణాతీరం | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

పొద్దున్నే వెళ్ళాను. నర్సు గారు రాసింది పిన్నికి చదివి వినిపించాను. బాబాయి మెత్తబడ్డాడు గానీ పిన్ని ఒప్పుకోలేదు. ఆసుపత్రికి వెళ్తే కోసి బిడ్డను తీస్తారని భయం. ఇసుక గారు చెప్పినట్టు బాబాయిని పసరు పోసే ఆయన దగ్గరికి పంపాను. ఆయన ఇంకో ఊరు వెళ్ళాడట, దొరకలేదు. అమ్మాయి పగలు కూడా పడుకునే ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది.

స్టాఫ్ నర్సు | శుక్రవారం, మధ్యాహ్నం 1:42

పేరు పెట్టి పిలిస్తే లేచి సరిగా మాట్లాడుతోందా? ఇవాళ ఏ వారమో చెబుతోందా? రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు పైకెత్తి ఆపమనండి, ట్రాఫిక్ పోలీసు ఆపినట్టు. మణికట్లు రెక్కల్లా కొట్టుకుంటే మెదడు మీద ప్రభావం మొదలైనట్టే. అలా లేకపోయినా ఇవాళే కదలాలి. మీ పిన్ని భయం అర్థమైంది. పరీక్షలకు వెళ్ళిన ప్రతివాళ్ళకూ ఆపరేషన్ చేయరని చెప్పండి. ఆలస్యమైతేనే రక్తం గడ్డకట్టక ఏ కాన్పైనా ప్రమాదం అవుతుంది.

గోదారి ఇసుక | శుక్రవారం, మధ్యాహ్నం 2:15

అక్కా, మీ అమ్మగారిని పంపండి. నేనూ మీరూ వంద చెప్పినా ఆవిడ ఒక్క మాటకు సాటి రాదు.

కృష్ణాతీరం | శుక్రవారం, రాత్రి 10:55

ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాను. అమ్మాయిని చేర్చుకున్నారు.

అమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు. ఇసుక గారి మాట ఫోన్‌లో చూపించాను. అమ్మ చదివి కాసేపు ఏమీ అనలేదు. చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని బయల్దేరింది. వాళ్ళింట్లో మంచం పట్టె మీద కూర్చుని పిన్నితో అంది: "చెల్లీ, నా కొడుకు నన్ను గుర్తుపట్టలేదు. పిల్లాడు పిచ్చి మాటలు మాట్లాడుతుంటే నేను పథ్యం కోసం ఉప్పు లేని అన్నం కలుపుతున్నాను. నీకు ఆ రోజు వద్దు." రెండేళ్ళలో అమ్మ ఆ విషయం మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. పిన్ని లేచి బట్టలు సర్దింది. అమ్మ కూడా ఆటోలో ఎక్కింది, అక్కడే ఉంది.

ఐఎన్‌ఆర్ 1.7. కళ్ళను పచ్చబరిచే బిలిరుబిన్ 9. బిడ్డ గుండె కొట్టుకోవడం బాగుందన్నారు. హెపటైటిస్ బి లేదు. ఇ పరీక్ష రిపోర్టు రేపు.

మందారం | శనివారం, ఉదయం 7:20

కృష్ణాతీరం గారూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

మీ ఇంటి గురించి ఒక మాట. తమ్ముడికి హెపటైటిస్ బి అన్నారు కదా, మీరందరూ పరీక్ష చేయించుకున్నారా? మా ఇంట్లో అమ్మ నుంచి మా ఇద్దరికి పుట్టుకతోనే వచ్చింది. పుట్టినప్పుడు సోకితే నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది, ఏ లక్షణమూ కనబడదు. నాకు కాన్పు పరీక్షల్లో బయటపడింది. అందుకే మా బాబుకు పుట్టిన 24 గంటల్లోపే టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ వేశారు. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు, వాడికి లేదు. నేను వైరస్‌ను అదుపులో ఉంచడానికి రోజుకో టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటాను. దాన్ని ఆపేసి పసరు తాగమని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. డాక్టరుకు చెప్పకుండా ఆ మాత్ర ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతినవచ్చు. తమ్ముడు గారు ఆపకుండా చూడండి.

కృష్ణాతీరం | శనివారం, సాయంత్రం 6:10

హెపటైటిస్ ఇ అని తేలింది. నర్సు గారూ, మీరు రాత్రి రాయకపోతే మేం ఆదివారం దాకా ఆగేవాళ్ళం.

మందారం గారూ, అమ్మకూ నాకూ అప్పుడే పరీక్ష చేశారు. నాకు లేదు, అమ్మకు ఉంది. అది కూడా ఆవిడ మనసులో ఉంది. తమ్ముడు మాత్ర ఆపలేదు, వాడి భార్యకూ పాపకూ టీకాలు వేయించాం.

ఇంకో సంగతి. పసరు పోసే ఆయన ఇవాళ ఊరు తిరిగొచ్చి బాబాయికి ఫోన్ చేశాడు. ఎనిమిదో నెలని తెలిస్తే పోసేవాణ్ణి కాదన్నాడు. మా తమ్ముడి విషయం ఆయనకు ఎవరూ చెప్పలేదట. వాడు మూడో ఆదివారం రాకపోతే తగ్గిపోయిందనుకున్నాడట.

గోదారి ఇసుక | శనివారం, రాత్రి 8:00

ఆయనకు మీరే వెళ్ళి చెప్పండక్కా, నెమ్మదిగా. నేను కూడా మా పెద్దాయన దగ్గర కూర్చుని అడుగుతాను. పోసేముందు వచ్చినవాళ్ళను రక్తపరీక్ష కాగితం అడగమని ఆయనకు చెప్పాలనుకుంటున్నాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు.

కృష్ణాతీరం | తర్వాతి బుధవారం, ఉదయం 9:30

ఐఎన్‌ఆర్ 1.4కి దిగింది. అమ్మాయి ఇడ్లీ తింటోంది. ఇంకా వారం ఉంచుతామన్నారు.

మా వీధిలో ఇంకో ఇద్దరికి కళ్ళు పచ్చబడ్డాయి. కుళాయి పైపు మురుగు కాలవలోంచి వెళ్ళే చోట పగిలి ఉందని నిన్న సాయంత్రం కనిపెట్టారు. ఏఎన్ఎం వచ్చి నీళ్ళ శాంపిల్ తీసుకెళ్ళింది, క్లోరిన్ బిళ్ళలు పంచింది. అందరం నీళ్ళు మరగబెట్టి తాగుతున్నాం. ఆ ఇద్దరినీ ఇవాళ రక్తపరీక్షకు తీసుకెళ్తున్నాను. ఒకాయన రోజూ మద్యం తాగే మనిషి. నర్సు గారూ, ఆయనకు అదనంగా ఏ పరీక్షలు అడగాలో చెప్పగలరా? పదింటికి బయల్దేరుతున్నాం.

స్టాఫ్ నర్సు | బుధవారం, ఉదయం 9:41

పీటీ ఐఎన్‌ఆర్, షుగర్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, కడుపు స్కానింగ్ అడగండి. రోజూ తాగేవాళ్ళకు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు, ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పండి. ఈ వారంలో ఏ నాటు మందు తాగినా దాచొద్దని చెప్పండి, తిట్టరని మీరు మాటివ్వండి. వెళ్ళి రండి అక్కా, రిపోర్టులు రాగానే ఇక్కడ పెట్టండి. నాకు మధ్యాహ్నం రెండింటి దాకా డ్యూటీ లేదు.